అరవై మూడు అడుగుల ముక్క

మా బావ భయస్తుడు. ఈ మాట ముందే చెప్పేస్తే తర్వాత నా పని తేలిక. బొద్దింక ఎగిరితే మంచమెక్కేవాళ్ళు ఊళ్ళో చాలామంది ఉంటారు. మా బావ వాళ్ళకంటే నాలుగాకులు ఎక్కువే చదివాడు. బొద్దింక ఎగురుతుందేమోనన్న అనుమానానికే మంచమెక్కేస్తాడు. కరెంటు పోతే "ఎవరూ కదలకండి" అని ఇంటిల్లిపాదినీ ఎక్కడివాళ్ళని అక్కడే నిలబెట్టి, తాను మాత్రం వెళ్ళి మా అక్క భుజం పట్టుకుంటాడు. గడ్డం గీసుకుంటుంటే గాటు పడిందనుకోండి, అద్దంలో చూసుకోడు. అక్కని పిలిచి, "ఎంత వచ్చింది? నిజం చెప్పు, తట్టుకుంటాను" అంటాడు.

ఇలాంటి మనిషి ముప్ఫై ఒక్క సంవత్సరాలు చేసిన ఉద్యోగం సెన్సారు ఆఫీసులో సినిమా రీళ్ళు కత్తిరించడం. అందులోనూ ఆయన ఖర్మకొద్దీ, ఆ రోజుల్లో జనం దెయ్యాల సినిమాలంటే పడిచచ్చేవాళ్ళు. వారానికొకటి వచ్చి పడేది.

ఆఫీసు రెండో అంతస్తులో, మెట్లెక్కగానే మంచినీళ్ళ కుండ పక్కగది ఆయనది. పొడుగాటి బల్ల, దానికి రెండు చివరలా చేత్తో తిప్పే చక్రాలు, మధ్యలో కిందనుంచి బల్బు వెలిగే గాజుపలక, ఫిల్ము ఎన్ని అడుగులు నడిచిందో అంకెల్లో చూపించే మీటరు, కత్తెర, జిగురు సీసా, తెల్లగుడ్డ చేతితొడుగులు. కింద హాల్లో కమిటీ మెంబర్లు సినిమా చూసి ఒక జాబితా రాసి పైకి పంపేవారు. ఫలానా రీలులో ఇన్నో అడుగు నుంచి ఇన్నో అడుగు దాకా గొడ్డలి దెబ్బ, తీసెయ్యాలి. ఫలానా రీలులో తెగిపడిన చెయ్యి కదలడం, తీసెయ్యాలి. బావ ఆ అడుగులు కొలిచి, కత్తిరించి, మిగిలిన కొసలు రెండూ అతికించి, తీసిన ముక్కని రేకు డబ్బాలో పెట్టి పైన చీటీ అంటించాలి. ఆ ముక్కని పారెయ్యకూడదు, తీసినవాళ్ళకి తిరిగి ఇవ్వకూడదు. ఆఫీసు గోడౌనులో శాశ్వతంగా ఉండాలని రూలు.

పనితనం మాత్రం ఒప్పుకోవాలి. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా తెలిసేది కాదు. ఆఫీసంతా ఆయన్ని కత్తెరయ్య అనేవాళ్ళు. రిటైరయ్యేటప్పుడు 'ఒక్క పొరపాటు లేని సేవ' అని పై ఆఫీసరు ఒక కాగితం రాసిస్తే, దాన్ని పటం కట్టించి ఇంట్లో అందరి కళ్ళూ పడేచోట తగిలించాడు. పెళ్ళి ఫొటో దానికోసం వంటింటి గోడకి మారింది.

దెయ్యాల సినిమాలు ఎలా కత్తిరిస్తావని ఒకసారి అడిగాను. నా వాచీలు బాగుచేసే కొట్టు వాళ్ళింటి కిందే. ఆయన కొట్టు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పాడు.

"మీ అక్క దగ్గర నోరు జారావంటే మనిద్దరికీ చెడుతుంది. గాజుపలక మీద జేబురుమాలు నాలుగు మడతలు వేసి కప్పేస్తాను. మీటరు మీద అంకె ఒక్కటే చూస్తాను. బొమ్మతో మనకేం పనిరా? వాళ్ళు అడుగులు రాశారు, నేను అడుగులు కోశాను. అయిపోయింది."

"మరి తీసిన ముక్క సరైందో కాదో ఎవరు చూస్తారు?"

"పక్కగది ఆఫీసరు చూస్తాడు. జాబితాలో అరవై మూడు అడుగులని ఉంటే ముక్కని టేపు పెట్టి కొలుస్తాడు. అరవై మూడు వస్తే సంతకం పెడతాడు. అంగుళం తేడా వచ్చిన పాపాన పోలేదు."

ఆ ఆఫీసరుక్కూడా దెయ్యాలంటే భయమేమోనని నాకిప్పటికీ అనుమానం. ఏమైతేనేం, దెయ్యాల సినిమాలు తీసేవాళ్ళకి మాత్రం మా బావ అంటే ఎనలేని గౌరవం. ఒక నిర్మాత పనిగట్టుకుని ఇంటికొచ్చి, బావ రెండు చేతులూ పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. "మీలాంటివాళ్ళు ఒక్కరుంటే చాలు సార్, మేం బతికిపోతాం" అన్నాడు. బావ మొహమాటపడి, "నాదేముందండీ, రాసింది రాసినట్టు కోస్తాను" అన్నాడు. దానికా నిర్మాత పొట్ట పట్టుకుని నవ్వి, నాకేసి కన్నుకొట్టి వెళ్ళిపోయాడు. "అతుకుల విలువ తెలిసిన మనిషి" అని బావ మురిసిపోయాడు. నిర్మాత నాకెందుకు కన్నుకొట్టాడో నాకు చాలా ఏళ్ళు అంతుబట్టలేదు.

బావ రిటైరై పద్నాలుగేళ్ళు గడిచాక ఒక ఆదివారం పొద్దున్న ఒకమ్మాయి వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి. పాత సినిమాలు బాగుచేసే ల్యాబులో పని. సెన్సారు ఆఫీసు గోడౌను ఖాళీ చేస్తుంటే బావ చేతిరాత చీటీలున్న డబ్బాలు వందలకొద్దీ దొరికాయట. వాటిలోంచి ఒక సినిమాని మొట్టమొదటిసారి కోతలేవీ లేకుండా, తీసినవాళ్ళు తీసినట్టు జనానికి చూపించబోతున్నారట. అది నలభై ఏళ్ళ కిందట మా అందరికీ నిద్రపట్టకుండా చేసిన సినిమా. అసలు పేరు ఎవరూ అనరు, మేడమెట్ల సినిమా అంటేనే తెలుస్తుంది. గొడ్డలి పట్టుకున్న ఒక ఆకారం మేడ మెట్లు దిగుతూ ఉంటుంది.

నాకు ఇలాంటి పనులంటే ఒళ్ళుమంట. "కత్తిరించి పారేసిన గోళ్ళు ఏరుకొచ్చి మళ్ళీ వేళ్ళకి అతికిస్తారా అమ్మా? ఎవరికి లాభం?" అన్నాను.

"గోళ్ళయితే మీరన్నట్టే పారేద్దుమండీ. అవి వేళ్ళేమోనని మా అనుమానం" అంది ఆ పిల్ల. నోరున్న పిల్లే.

తర్వాత ఆమె కంప్యూటరు తెరిచి ముక్కలు చూపిస్తానంది. అప్పటికే బావ గ్లాసుతో నీళ్ళు తెచ్చే మిషతో వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

"అంకుల్, రండి. భయపడేది ఏమీ లేదు. అదే నాకు అర్థం కాలేదు" అని కేకేసింది.

నిజమే. పదకొండు ముక్కలు, అన్నీ కలిపి ఆరు నిమిషాలు. ఒక ముక్కలో ఒకాయన రెండో చెప్పు కోసం కుర్చీల కింద వెతుక్కుంటున్నాడు. ఇంకోదాంట్లో పాప ఎక్కం అప్పజెబుతూ ఏడో అంకె దగ్గర ఆగిపోతుంది. మరోదాంట్లో ముసలావిడ పాలు పొంగుతాయేమోనని మూతతీసి చూస్తోంది. ఇంకోదాంట్లో ఒక అమ్మాయి మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. గొడ్డలీ లేదు, రక్తమూ లేదు.

"మరి గొడ్డలేదీ?" అన్నాను.

"గొడ్డలి సినిమాలోనే ఉందండీ. తెగిన చెయ్యీ ఉంది. కమిటీ తియ్యమన్నవన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. నలభై ఏళ్ళుగా జనం చూస్తూనే ఉన్నారు." ఆమె బావ వైపు తిరిగింది. కళ్ళు మెరుస్తున్నాయి. "మీరు కావాలనే చేశారు కదా అంకుల్? జాబితాలో ఎన్ని అడుగులుంటే అన్ని అడుగులు, పనికిరాని చోట కోసి డబ్బాలో పెట్టేశారు. సంతకం పెట్టించుకున్నారు. గొడ్డలిని కాపాడారు. గవర్నమెంటు ఆఫీసులో కూర్చుని, గవర్నమెంటు కత్తెరతో!"

బావ నోరు తెరిచాడు. ఆ నోరు అలా తెరిచి ఉండగానే మా అక్క వంటింటి గుమ్మంలోంచి ఆయన్ని చూసిన చూపు నేను చూశాను. పెళ్ళయిన నలభై రెండేళ్ళలో ఆవిడ ఆయన్ని ఆ చూపు చూడగా నేనెరగను.

"ఏమండీ, ఇంత ధైర్యం ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారండీ?" అంది.

బావ నోరు మూసుకున్నాడు.

మర్నాడు కొట్టు తెరవగానే వచ్చి కూర్చున్నాడు. రాత్రంతా ఆలోచించి విషయం తేల్చుకున్నాడట. కింద హాల్లో సినిమా వేసే ఆపరేటరు వట్టి బద్ధకస్తుడు. సినిమా ఆడించాక రీళ్ళు మొదటికి చుట్టకుండా, తోక పైకి ఉన్నవి ఉన్నట్టే పైకి పంపేవాడు. మిగతా సినిమాలకి ఇబ్బంది లేదు. గాజుపలక మీద మొదటి బొమ్మ చూడగానే బావకి తల ఏదో తోక ఏదో తెలిసిపోయేది, వెనక్కి చుట్టుకుని పని మొదలుపెట్టేవాడు. దెయ్యాల సినిమాలకి బొమ్మ చూడడు కదా. జాబితాలో తల నుంచి రాసిన అడుగుల్ని తోక దగ్గర్నుంచి లెక్కపెట్టేవాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళురా. ఒక్క దెయ్యాన్ని కూడా కత్తిరించలేదు నేను" అన్నాడు.

నేను నవ్విన నవ్వుకి కంటికి పెట్టుకున్న భూతద్దం ఊడి బల్లమీద పడింది. నిర్మాత కన్నెందుకు కొట్టాడో అప్పటికి తెలిసింది. బావ మాత్రం నవ్వలేదు.

"సరే, ఆ అమ్మాయికి చెప్పేస్తావా?"

"ఎలా చెప్పనురా? పొద్దున స్నానాలగదిలో బొద్దింక కనిపిస్తే మీ అక్క చీపురు తీసుకోలేదు. 'మీరు చంపండి' అని చెప్పు నా చేతికిచ్చింది. మొదటిసారి."

"చంపావా?"

"కొట్టాను. కళ్ళు మూసుకుని. తగల్లేదు. అయినా అది పోయింది కదా, చచ్చిందని చెప్పాను."

ఇక అక్కణ్ణించి ఆయన వరస చూడాలి. పేపరువాళ్ళొచ్చారు. 'భయాన్ని కాపాడిన కత్తెర' అని సగం పేజీ వేశారు. 'పనికిరాని ముక్కలు ఏరి కోసి, కళని బతికించిన నిశ్శబ్ద వీరుడు' అని రాశారు. మొదట్లో "అబ్బే, అంతేం లేదు" అన్నవాడు, వారం తిరక్కుండా కుర్చీలో వెనక్కి వాలి, "కళ మీద కత్తెర పెట్టే హక్కు ఎవరికుందండీ?" అనడం మొదలుపెట్టాడు. వింటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ల్యాబువాళ్ళు ఊరంతా పోస్టర్లు అంటించారు: 'నలభై ఏళ్ళుగా దాచిన ఆరు నిమిషాలు! గుండె జబ్బులున్నవారు రావద్దు!' చెప్పు వెతుక్కోవడానికీ, పాలు కాచడానికీ గుండె జబ్బుకీ సంబంధమేమిటని ల్యాబమ్మాయిని అడిగితే, పోస్టర్లు ముక్కలు చూడకముందే అచ్చయ్యాయని తలవంచుకుంది. హాలు బయట అంబులెన్సుకి కూడా మాట్లాడేశారట. ఇప్పుడు వద్దంటే అంబులెన్సువాళ్ళు వినడం లేదట.

ఆదివారం ఆట అనగా బుధవారం మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. అరవై పైబడిన మనిషి. చేతిలో గొడుగు, భుజాన సంచీ. గుమ్మంలోనే నిలబడి, "కత్తెరయ్యగారంటే మీరేనాండీ?" అని అడిగింది. కూర్చోమన్నా వెంటనే కూర్చోలేదు.

"మేడమెట్ల సినిమాలో బట్టలు మడతపెట్టే అమ్మాయిని నేనేనండీ" అంది.

అక్క గబగబా మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడ తాగి, గ్లాసు కింద పెట్టి, తీరిగ్గా చెప్పుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ వయసులో సరదాపడి ఆ ఒక్క సినిమాలో వేసిందట. మొహం కనబడేది ఆ ఒక్క సీనులోనే. విడుదలైన రోజున అమ్మానాన్నా, అన్నయ్యా, బంధువులూ కలిసి పాతికమంది రెండు వరసలు నిండా కూర్చున్నారట. సీను రాలేదు. ఏమైందని కంపెనీవాళ్ళని అడిగితే సెన్సారువాళ్ళు కోసేశారన్నారట.

"అంతేనండీ. ఏం చేశావే సెన్సారు కొయ్యడానికి, అన్నారు. బట్టలు మడతపెట్టానమ్మా అన్నాను. బట్టలు మడతపెడితే కోస్తారా అన్నారు. నా దగ్గర జవాబేదీ? ఆ తర్వాత మావాళ్ళే ఏడాదికొక బట్ట చొప్పున నా ఒంటి మీంచి తీసేస్తూ వచ్చారు. పదేళ్ళు తిరిగేసరికి ఆ సీనులో నా ఒంటి మీద నూలుపోగు లేదట. చూసినవాళ్ళు చెప్పారట."

నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. ఆవిడ కూడా కొంచెం నవ్వింది.

"కుదిరిన పెళ్ళి తప్పిపోయింది. దానికి నేనేం ఏడవలేదు, పోస్టాఫీసులో ఉద్యోగం చేసుకున్నాను. మా అన్నయ్య మాట్లాడ్డం మానేశాడండీ, అదే నా బాధ. ఒకే ఇంట్లో పైన ఆయన, కింద నేను. నాకేదైనా చెప్పాలంటే కార్డు ముక్క రాసి డబ్బాలో వేస్తాడు. అది మా పోస్టాఫీసుకే వచ్చేది. నేనే ముద్ర కొట్టుకుని, సాయంత్రం నేనే ఇంటికి తెచ్చుకునేదాన్ని. 'కుళాయి సరిగ్గా కట్టు' అని. 'అమ్మకి ఒంట్లో బాగాలేదు' అని. అమ్మ పోయిందని కూడా కార్డే రాశాడు."

బావ నేలచూపులు చూస్తున్నాడు.

"ఆ సినిమాలో నాకు మిగిలింది రెండు పాదాలండీ. చివర్లో మెట్ల మీద దుప్పటి కప్పిన శవం ఉంటుంది చూడండి, అది నేనే. ఆ పాదాలు నావేనని చెబితే ఎవరూ నమ్మలేదు." ఆవిడ సంచీలోంచి పేపరు తీసి ఒళ్ళో పరిచింది. "ఇప్పుడిందులో పనికిరాని ముక్కలు ఏరి కోశారని వేశారు. నలభై ఏళ్ళు చెడ్డదాన్నయ్యాను. ఇప్పుడు పనికిరానిదాన్ని అంటున్నారు. కొయ్యాల్సినంత తప్పు ఏం కనిపించింది మీకు నాలో? నాకే అనుమానం వచ్చేసిందండీ. చేతులెత్తినప్పుడు జాకెట్టు సరిగా లేదేమో, పాట కూనిరాగం తీశాను, అదేమైనా వేరేగా వినిపించిందేమో అని. ఇప్పటికీ ఇంట్లో బట్టలు మడతపెట్టాలంటే తలుపేసుకుంటాను."

"అయ్యో, అదేం లేదమ్మా. ఆయన ఊరికే చెయ్యరు, కళ కోసం..." అని మా అక్క గర్వంగా అందుకుంది.

"కళ కోసమైతే నన్నే ఎందుకు ఏరారండీ?" అంది ఆవిడ. బావకేసి చూస్తూ లేచింది. "ఆదివారం ఆటకి వస్తానని అన్నయ్య కార్డు రాశాడు. చూశాక ఆయన అడిగేది ఒకటే. ఏమీ లేకపోతే ఎందుకు కోశారు? ఆ జవాబు నా దగ్గర లేదు. మీ దగ్గరే ఉంది."

ఆవిడ్ని వీధి చివరిదాకా దిగబెట్టి వచ్చి, మెట్ల మీద బావని పట్టుకుని నోటికొచ్చినట్టు తిట్టాను. అవన్నీ ఇక్కడ రాయను. బాగుచేసిన వాచీ తెచ్చినవాడికి ఇచ్చేశాక బల్లమీద ఒక్క మర మిగిలిపోతే నాకు ముద్ద దిగదు. ఎంత చిన్న మరైనా అది లోపలుండాల్సిందే. అంతకుముందు గోళ్ళు, వేళ్ళు అని వేళాకోళం చేసిన నేనే అప్పుడు బావతో అన్నాను, "ముక్క వెనక్కి అతికిస్తే సరిపోదు బావా. ఎందుకు ఊడిందో కూడా చెప్పాలి. ల్యాబువాళ్ళు అది చెయ్యలేరు."

"చెబితే మీ అక్క..." అని ఆగిపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాలేసింది, కానీ కోపం తగ్గలేదు.

ఆదివారం పొద్దుటాటకి హాలు కిటకిటలాడిపోయింది. బయట అంబులెన్సు ఉంది, పిల్లలు దాని చుట్టూ ఆడుకుంటున్నారు. ముందు వరసలో నిర్మాతగారి కూతురు, ల్యాబువాళ్ళు, మేము. నడవకి అవతల ఆవిడ, ఒక కుర్చీ ఖాళీ వదిలి వాళ్ళన్నయ్య. ఎనభై దగ్గర పడిన మనిషి, చెవికి మిషను, చేతికర్ర. ఇద్దరూ వేరు వేరు ఆటోల్లో వచ్చారట.

దీపాలు ఆర్పగానే బావ నా చెయ్యి పట్టుకున్నాడు. గొడ్డలి మొదటిసారి కనిపించేసరికి నా వేళ్ళు నుజ్జయ్యాయి. కళ్ళు గట్టిగా మూసుకుని, "అయిందా? అయిందా?" అంటున్నాడు. ఆయన కాపాడిన గొడ్డలే అది. అటుపక్క మా అక్క అదేమీ చూడకుండా తెరకేసి చూస్తోంది.

మూడో రీలులో బట్టల సీను వచ్చినప్పుడు ఆయన డొక్కలో పొడిచాను. "బావా, చూడు. ఇప్పుడు చూడకపోతే నువ్వు నాకు బావవి కావు."

కళ్ళు తెరిచాడు.

నలభై రెండు సెకన్లు. ఒక అమ్మాయి కాళ్ళు మడుచుకుని మంచం మీద కూర్చుంది. గళ్ళ చొక్కా మడత పెట్టబోయి, బొత్తాం ఊడి ఉండడం చూసి పక్కన పెట్టింది. పాప గౌను చేత్తో సాపుచేసింది. ఏదో కూనిరాగం తీస్తోంది, మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదట్నుంచి అందుకుంది. అంతే. తప్పు వెతుకుదామన్నా దొరకనంత మామూలుగా ఉంది. బావ నా చెయ్యి వదిలేసి ముందుకు వంగి చూశాడు.

ఇక ఆ తర్వాత కళ్ళు మూసుకోలేదు. చెప్పు వెతుక్కునే ఆయన్నీ, ఎక్కం చెప్పే పాపనీ చూసి నవ్వాడు కూడా. ఆఖరికి మేడ మీద చప్పుడైంది. ఆ అమ్మాయి మడతపెట్టిన బట్టల దొంతర చేత్తో పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చింది. మొహం కనబడదు, చీకటి, పాదాలొక్కటే కనబడతాయి. నలభై ఏళ్ళుగా అక్కడ జనం కేకలు పెట్టేవాళ్ళు, కొందరు ఈలలు వేసేవాళ్ళు. ఎక్కేది ఎవరో ఎవరికీ తెలియదు మరి. ఆవేళ హాల్లో ఒక్క కేక లేదు, ఒక్క ఈల లేదు. మా బావ లేచి నిలబడిపోయాడు.

"అమ్మా, ఎక్కకు! మెట్లెక్కకమ్మా!" అని తెరకేసి అరిచాడు.

ఎవరూ నవ్వలేదు. నేను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాను. దుప్పటి కిందనుంచి ఆ పాదాలు తెర మీదికి వచ్చినప్పుడు ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. ఆ సినిమా నేను అప్పటికి ఆరుసార్లు చూశాను. ఆ మెట్ల మీద ఒక మనిషి చచ్చిపోయిందని ఏడోసారికి తెలిసింది.

దీపాలు వెలిగాయి. బయటి అంబులెన్సు వాళ్ళని పిలిపించి బావకి బీపీ చూపించారు. ఆ రోజు దానికి పడ్డ పని అదొక్కటే. ఆ తర్వాత వేదిక ఎక్కించి, పూలగుత్తి చేతికిచ్చి, నిశ్శబ్ద వీరుడు రెండు ముక్కలు మాట్లాడతారని చెప్పారు. మా అక్క పమిట సర్దుకుని నిటారుగా కూర్చుంది.

"నేను వీరుణ్ణి కానండీ" అన్నాడు బావ. "నాకు దెయ్యాలంటే భయం. గాజుపలక మీద జేబురుమాలు కప్పుకుని కోసేవాణ్ణి. రీలు తోక నుంచి ఉందని చూసుకోలేదు. చూడ్డానికి ధైర్యం లేదు. ఏరలేదు, కాపాడలేదు. ఏ ముక్క కోశానో మొన్నటిదాకా నాకే తెలియదు." ఆవిడ వైపు తిరిగాడు. "కమిటీ జాబితాలో మీ సీను లేదమ్మా. ఎవ్వరూ కొయ్యమనలేదు. మీలో తప్పుందనీ కాదు, మీరు పనికిరారనీ కాదు. నేను మిమ్మల్ని చూడనే లేదు. చూసుంటే కత్తెర పెట్టేవాణ్ణి కాదు."

హాల్లో గుసగుసలు, వాటి వెనకే నవ్వులు. ల్యాబమ్మాయి నుదురు పట్టుకుంది. నేను మా అక్కని చూశాను. ఆవిడ నన్ను చూసి, "నాకు తెలుసురా. ఆ బొద్దింక మర్నాడు మళ్ళీ కనిపించింది" అంది నెమ్మదిగా. కళ్ళు తుడుచుకుంది. "అయినా ఇది అందరి ముందూ చెప్పారు చూడు" అంది.

ఇంతలో నడవకి అవతలి నుంచి ముసలాయన కర్రతో నేల కొట్టాడు. చెవి మిషను కూతపెడుతోంది.

"ఏమంటాడాయన? ఎందుకు కోశాడట?" అని గట్టిగా అడిగాడు. ఎవరినడిగాడో ముందు ఆయనకే తెలిసినట్టు లేదు. పక్క కుర్చీ ఖాళీ. దాని అవతల చెల్లెలు.

ఆవిడ ఖాళీ కుర్చీలోకి జరిగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచింది. "కళ్ళు మూసుకుని కోశాడట అన్నయ్యా!"

"ఏమీ లేకుండానే?"

"ఏమీ లేకుండానే!"

ముసలాయన కూతపెడుతున్న చెవి మిషను సరిచేసుకున్నాడు. తర్వాత తలెత్తి, "ఆ ముక్క మళ్ళీ వెయ్యమనండి. మొదటిసారి నేనూ సరిగ్గా చూళ్ళేదు" అన్నాడు.

మళ్ళీ దీపాలు ఆర్పారు. బావ వేదిక దిగలేదు, పూలగుత్తి పట్టుకుని పక్కకి జరిగి నిలబడి, రెప్ప వెయ్యకుండా చూశాడు. ఇరవై రెండేళ్ళ పిల్ల మళ్ళీ మంచం మీద కూర్చుంది. గళ్ళ చొక్కా అందుకుంది.

"ఆ చొక్కా నాదే!" అని చీకట్లో ముసలాయన కేక వినిపించింది. "నాదే అది. ఎంత వెతికానో. చాకలి పోగొట్టాడని వాణ్ణి తిట్టాను కూడా."

"కంపెనీలో మడతపెట్టడానికి బట్టల్లేవంటే ఇంట్లోవే పట్టుకెళ్ళాను అన్నయ్యా. చెబుదామనుకున్నాను" అంది చెల్లెలి గొంతు.

ముక్క అయిపోయి దీపాలు వెలిగాక బావ మైకు దగ్గరికొచ్చాడు. ఎవరూ రమ్మనలేదు. గొంతు సవరించుకుని, ఆఫీసులో జాబితా చదివే గొంతుతో, ఆగి ఆగి చదివినట్టు చెప్పాడు.

"మూడో రీలు. అరవై మూడు అడుగులు. మొదటి నుంచి చివరిదాకా చూశాను. కొయ్యాల్సింది ఏమీ లేదు."

ఆవిడ సంచీ మొహానికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది. పక్కన వాళ్ళన్నయ్య ఆ చొక్కా ఇప్పుడెక్కడుందో చెప్పమని అడుగుతూనే ఉన్నాడు.